పాప మూడో తరగతి సగం హైదరాబాద్‌లో చదివింది. నవోదయ రూరల్ కోటా పోయినట్టేనా?

మొక్కజొన్న_చేను
మాది పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరు. పాప ఇప్పుడు ఊరి సర్కారు బడిలో ఐదో తరగతి. రెండేండ్ల కింద బోరు ఎండిపోయి పంట చేతికి రాలే. నేను, మా ఇంటామె హైదరాబాద్‌కు మేస్త్రీ పనికి పోయినం. పాపను ఊర్లో ఎవరి దగ్గర వదిలిపెట్టాలె? వెంట తీసుకపోయి సైటు పక్కనున్న చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతిలో వేసినం. ఐదు నెలలు చదివింది. సంక్రాంతికి ఊరికి వచ్చినోళ్ళం మళ్ళా పోలేదు. మూడో తరగతి మిగిలిన సగం, నాలుగు, ఇప్పుడు ఐదు, అన్నీ ఊరి బడిలనే.

ఆరో తరగతికి నవోదయ (కేంద్రం నడిపే హాస్టల్ బడి) ఫారం పెడదామని హెడ్మాస్టర్ సారు దగ్గరికి పోతే రికార్డు చూసి, "మూడో తరగతిల సిటీల చదివింది గద. రూరల్ అని నేను రాసియ్యలేను. రాసిచ్చినా, సీటొచ్చినంక వెరిఫికేషన్ల తీసేస్తరు" అన్నడు. మేం పుట్టింది పెరిగింది ఇదే ఊరు. కూలికి పోతే టౌనోళ్ళం ఎట్లయితం?

ఇంకొకటి. పక్క మండలంలో కోచింగ్ హాస్టల్ ఉంది. డిసెంబర్ దాకా ఉంచుకోని చదివిస్తం, 45,000 కట్టమంటున్నరు. రెండు బర్రెలున్నయి, ఒకటి అమ్మితే పైసలు అయితయి. మా ఇంటామె వద్దంటది. పాపకు లెక్కలు బాగొస్తయి, పరీక్షల వచ్చే ఆ బొమ్మల ప్రశ్నలే ఎన్నడూ చూడలే. తెలిసినోళ్ళు చెప్పండి.

గడ్డిపూలు
ఆ ప్రైవేటు బడిలో పాప పేరు ఆన్‌లైన్‌లో ఎక్కించారా? చిన్న బడులు చాలాసార్లు ఎక్కించవు. ఎక్కకపోతే ఆ ఐదు నెలల సంగతి ఎవరికి తెలుస్తుంది?

మొక్కజొన్న_చేను
ఎక్కింది. యూడైస్‌ల, అదే బడిపిల్లల ఆన్‌లైన్ రికార్డుల, కనపడుతున్నదని సారే చూపిచ్చిండు.

చాక్‌పీస్_సారు
పద్నాలుగేళ్ళుగా మండల పరిషత్ బడిలో పనిచేస్తున్నాను, ఏటా నలుగురైదుగురు పిల్లల చేత ఈ పరీక్ష రాయిస్తాను. మీ హెడ్మాస్టర్ చెప్పింది నిజం. మూడు, నాలుగు, ఐదు, ఈ మూడు తరగతులూ పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి ఉండాలి. మధ్యలో ఒక్క రోజు పట్టణంలోని బడిలో ఉన్నా అర్బన్ కిందే లెక్క. ప్రాస్పెక్టస్‌లో "ఒక్క రోజు" అనే రాసి ఉంటుంది. గడ్డిపూలు గారూ, దాచే ఆలోచన మాత్రం పెట్టకండి. ఆరో తరగతిలో చేరి, పెట్టె బేడా సర్దుకుని, మంచం చూసుకున్నాక వెనక్కి పంపితే ఆ పిల్ల ఏమైపోతుంది?

అలాగని రూరల్ పోయింది కాబట్టి నవోదయే పోయిందని అనుకోవద్దు. ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి 80 సీట్ల దాకా ఉంటాయి. అందులో 75 శాతం, అంటే 60, గ్రామీణ పిల్లలకు. మిగిలిన 20 టౌను పిల్లల సీట్లు అనుకుంటారు చాలామంది. కాదు. అవి ఓపెన్, ఊరి పిల్లలూ టౌను పిల్లలూ కలిసి మెరిట్ మీద పోటీ పడతారు. మీ పాప ఆ 20లోకి వస్తుంది. ఆడపిల్లలకు మూడో వంతు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా జనాభాను బట్టి, కేంద్ర జాబితాలోని ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది.

దారి ఇరుకైంది, నిజమే. కానీ ఫారానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, రెండోసారి ఒప్పుకోరు. ఐదో తరగతిలో ఉన్న ఈ ఏడాది వదిలేస్తే ఆరుకు మళ్ళీ రాయడం ఉండదు. తప్పకుండా పెట్టండి.

రాత్రి_బస్సు
చాక్‌పీస్ సార్ చెప్పిన ఆ 20 సీట్ల మీద నాకు కడుపు మంట ఉంది, చెప్పుకుంటాను. నేను ప్రైవేటు బస్సు డ్రైవర్ని. టౌన్‌లో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటున్నాం. మా బాబు మున్సిపల్ బడిలో చదివాడు. వాడికి ట్యూషన్ లేదు, పొలం లేదు, ఏమీ లేదు. ఓపెన్ సీట్లలో పోటీ పడి రాలేదు. ఊళ్ళో పదెకరాల ఆసామి కొడుకు రూరల్, అద్దె గదిలో ఉండే మావాడు అర్బన్. ఇదెక్కడి లెక్క? కొలవాల్సింది ఊరినా, ఇంటినా?

సీమ_చింతచెట్టు
రాత్రి_బస్సు అన్నా, నీ బాధ అర్థమవుతుంది గానీ ఆ కోటా లేకుంటే నేను ఈరోజు ఇక్కడ ఉండేవాణ్ణి కాదు. తొంభైల్లో లేపాక్షి నవోదయలో చదివినా. మా ఊరికి అప్పట్లో బస్సు రోజుకు రెండుసార్లు. మా నాయన వేరుశనక్కాయలు పండించేవాడు, వాన రాకపోతే అదీ లేదు. ఐదో తరగతి దాకా మాకు ఒకే అయ్యవారు, అన్ని తరగతులకూ ఒకే గది. అట్లాంటి బడి నుంచి వచ్చినోణ్ణి టౌను కాన్వెంటు పిల్లలతో కలిపి కొలిచింటే నా పేరు చివరి పేజీలో కూడా ఉండేది కాదు.

మొదటి నెలంతా ఏడ్చినా. తొమ్మిదో తరగతిలో హిందీ రాష్ట్రానికి పంపినారు. అదొక పద్ధతి, ఆ తరగతి పిల్లల్లో 30 శాతం మందిని ఒక సంవత్సరం హిందీ ప్రాంతానికి, అక్కడివాళ్ళను మన దగ్గరికి మారుస్తారు. రెండు పూటలా రొట్టెలే. మా అమ్మ కట్టిచ్చిన చింతకాయ తొక్కు సీసాను పదిమంది తెలుగు పిల్లోళ్ళం వేలితో నాక్కుని దసరా దాకా లాక్కొచ్చినాం. తిరిగొచ్చేసరికి హిందీలో కలలు కూడా వచ్చేటివి. ఇంట్లో నాలుగు గోడల మధ్య ఆ ధైర్యం వచ్చేది కాదు.

వేపకొమ్మ
ఇద్దరూ నిజమే చెప్తున్నారు కానీ అసలు పేచీ ఇంకోచోట ఉంది. మా టౌన్‌కు ఆరు కిలోమీటర్ల దూరంలో, మున్సిపాలిటీ హద్దు దాటగానే పంచాయతీ పరిధిలో పెద్ద ప్రైవేటు బడి ఒకటి ఉంది. పొద్దున్నే టౌన్‌లోని డాక్టర్ల పిల్లలు, లాయర్ల పిల్లలు, మా గవర్నమెంట్ టీచర్ల పిల్లలు పసుపు బస్సులెక్కి అక్కడికి వెళ్తారు. సాయంత్రం మళ్ళీ టౌన్‌కు వస్తారు. రూల్ ప్రకారం బడి ఎక్కడుందనేదే చూస్తారు, పిల్లాడు ఎక్కడ పడుకుంటాడనేది చూడరు. వాళ్ళు రూరల్. హైదరాబాద్‌లో తల్లిదండ్రులు ఇటుకలు మోస్తుంటే ఐదు నెలలు పక్కనున్న బడికి వెళ్ళిన పాప అర్బన్.

కోటా ఉండాల్సిందే. వలస పోయిన కూలీల పిల్లల కోసం ఒక్క వాక్యం చేర్చడానికి ఏమైంది? ఊళ్ళో రేషన్ కార్డుంది, ఓటుంది, ఉపాధి హామీ జాబ్ కార్డుంది. ఇన్ని కాగితాలు ఆ ఊరివాళ్ళే అని చెప్తుంటే ఆ ఐదు నెలలే కనపడ్డాయా?

మొక్కజొన్న_చేను
వేపకొమ్మ అన్నా, జాబ్ కార్డు నా జేబులనే ఉంది. ఊర్ల పని దొరకకనే గద సిటీకి పోయింది.

లెక్కల_రాజు
కోచింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. నేను ఆరేళ్ళుగా నవోదయ, సైనిక్ స్కూల్ పరీక్షలకు పిల్లలకు చెప్తున్నాను. హాస్టల్ కాదు, పొద్దునా సాయంత్రం మా ఇంటి అరుగు మీద.

పరీక్ష 2 గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అంటే ప్రశ్నకు ఒకటింబావు. ఇందులో మెంటల్ ఎబిలిటీ, అదే బొమ్మల ప్రశ్నలు, 40 ప్రశ్నలు, 50 మార్కులు. లెక్కలు 20 ప్రశ్నలకు 25, భాష 20 ప్రశ్నలకు 25. తెలుగులోనే రాయొచ్చు. తప్పు రాస్తే మార్కులు కోయరు. ఇప్పుడు ఆలోచించండి: సగం మార్కులు బొమ్మలకు. ఐదో తరగతి పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మలు ఎక్కడున్నాయి? బడిలో చెప్పని దానికి సగం మార్కులు పెడితే, చెప్పించుకునేవాడు నెగ్గుతాడు. కోచింగ్ వాళ్ళను తిట్టేముందు ఈ మాట ఒప్పుకోండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆటో డ్రైవర్ల పిల్లలు, కూరగాయలమ్మే వాళ్ళ పిల్లలు. నెలకు 500 తీసుకుంటాను, లేనివాళ్ళ దగ్గర అదీ లేదు.

తులసికోట
లెక్కల_రాజు గారూ, అరుగు మీద చెప్పే మీలాంటి వాళ్ళ గురించి నాకే ఫిర్యాదూ లేదు. హాస్టల్ గురించి మాత్రం నేను చెప్పాలి.

మా చిన్నవాణ్ణి నాలుగో తరగతి అయిన వేసవిలో ఒక కోచింగ్ హాస్టల్లో వేశాం. పేరు చెప్పను. తొమ్మిదేళ్ళ పిల్లాడు. తెల్లవారుజామున 4:30కు లేపేవారు, రాత్రి 10 దాకా కాగితాల మీద కాగితాలు. ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకులు గోడ మీద. మేం రెండు వారాలకోసారి చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. మూడోసారి వెళ్ళినప్పుడు వాడు నా దగ్గరికి రాలేదు. గేటు దగ్గరే నిలబడి చొక్కా అంచు నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. ఎత్తుకుంటే నిక్కరు తడిగా ఉంది. పక్క తడుపుతున్నాడని రెండు వారాలుగా దుప్పటి ఇవ్వకుండా నేల మీద పడుకోబెట్టారు. పక్క పిల్లాడు చెప్తే తెలిసింది.

అదే రోజు తీసుకొచ్చేశాను. కట్టిన డబ్బు తిరిగివ్వలేదు. ఇంటికొచ్చాక కూడా నాలుగు నెలలు పెన్సిల్ పట్టుకోమంటే చేతులు వెనక్కి దాచుకునేవాడు. పరీక్ష రాయించలేదు. ఇప్పుడు మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి, బాగానే ఉన్నాడు, కబడ్డీ ఆడతాడు.

మొక్కజొన్న_చేను గారూ, మీ ఇంటావిడ వద్దంటున్నారంటే ఆవిడకు ఏదో తెలిసే అంటున్నారు. బర్రెను అమ్మకండి.

గడ్డిపూలు
తులసికోట అక్కా, చదువుతుంటే గొంతు పట్టేసింది. దాచమన్న నా మాట కూడా వెనక్కి తీసుకుంటున్నా.

కొబ్బరిమట్ట
అన్ని హాస్టళ్ళూ అలా ఉండవండీ. మా అన్నయ్య కూతురు కోచింగ్ హాస్టల్లో ఆరు నెలలు ఉంది, పెద్దాపురం నవోదయలో సీటు వచ్చింది, అక్కడ చక్కగా చదువుకుంటోంది. నవోదయ కూడా హాస్టలే కదా. ఆరు నెలలు ఉండలేని పిల్ల ఏడేళ్ళు ఎలా ఉంటుంది? ఉండగలదో లేదో ముందే తెలిసిపోవడం మంచిదే.

తులసికోట
కొబ్బరిమట్ట గారూ, నవోదయలో సాయంత్రం ఆటలుంటాయి, హౌస్ మాస్టర్ ఉంటారు, పిల్ల ఏడిస్తే చూసేవాళ్ళుంటారు. 4:30కు లేపి బొమ్మలు గీయించడంతో దాన్ని పోల్చకండి.

సీమ_చింతచెట్టు
తులసికోటమ్మ చెప్పింది నిజం. మా హౌస్ మాస్టర్ రాత్రి టార్చిలైటు తీసుకుని మంచం మంచానికీ వచ్చి దుప్పటి కప్పిపోయేవాడు. ఆయన పోయి ఏడేండ్లయింది. ఇప్పటికీ బ్యాచ్ అంతా ఏడాదికోసారి ఆయన ఇంటికి పోతాం.

మంజీర_ఒడ్డున
లెక్కల్లో దిగేముందు ఇంకో మాట. దేశం మొత్తం మీద 20 లక్షలకు పైగా పిల్లలు రాస్తారు, సీట్లు 50 వేల చిల్లర. నలభై మందిలో ఒక్కరు. మిగిలిన ముప్పైతొమ్మిది మందికి తెలివి లేదని చెప్పలేం గదా. పదేండ్ల పిల్లలకు "ఫెయిలైనవ్" అని అనకుండ్రి. మా తమ్ముణ్ణి అన్నరు, వాడు పదో తరగతి దాకా అదే మాట మోసిండు.

సీట్లు పెరిగితే తప్ప ఈ గోల తీరది. 2024 డిసెంబర్‌ల కేంద్రం 28 కొత్త నవోదయాలకు ఒప్పుకుంది, అందుల 7 తెలంగాణకే. మహబూబ్‌నగర్ కూడా ఉన్నది ఆ ఏడింటిల. పాత జిల్లా మొత్తానికి నాగర్‌కర్నూల్ దిక్కు వట్టెంల ఒక్కటే ఉండె ఇన్నేండ్లు. మొక్కజొన్న అన్నా, మీ ఊరు ఇప్పుడు ఏ విద్యాలయం కిందికి వస్తదో ఫారం పెట్టేముందే చూసుకో. జిల్లా తప్పు పడితే మొదటికే మోసం.

మెరీనా_తెలుగు
మేం చెన్నైలో ఉంటాం. తమిళనాడులో ఒక్క నవోదయ కూడా లేదు. హిందీ తప్పనిసరి అవుతుందని ఆ రాష్ట్రం మొదటి నుంచీ ఒప్పుకోలేదు. మా చెల్లెలు నెల్లూరులో ఉంటుంది, వాళ్ళ పాప రాసింది. మా పాప రాయలేదు, ఇద్దరికీ ఒకే వయసు. మీరు 20 సీట్ల గురించి పోట్లాడుకుంటుంటే నాకు అదీ భాగ్యంగా కనిపిస్తోంది.

పొటోమాక్_ఒడ్డు
వర్జీనియా నుంచి రాస్తున్నాను. ఇక్కడ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ అని ప్రభుత్వ హైస్కూలు ఉంది, టీజే అంటారు. ఏడాదికి 550 సీట్లు. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో పెళ్ళికి వెళ్ళినా, వ్రతానికి వెళ్ళినా ఆ పేరు వినపడకుండా భోజనం పూర్తికాదు. 2020 దాకా ప్రవేశ పరీక్ష ఉండేది. దానికి కోచింగ్, ఆ కోచింగ్‌లో చేరడానికి ముందు ఇంకో కోచింగ్. 2020లో పరీక్ష తీసేశారు. ప్రతి మిడిల్ స్కూలు నుంచీ ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతం మందికి సీట్లు కేటాయించారు, అప్పటిదాకా ఒక్క పిల్లాడు కూడా వెళ్ళని బడుల నుంచి పిల్లలు వెళ్ళడం మొదలైంది. ఏషియన్ పిల్లల సీట్లు తగ్గాయని తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు విచారణకు తీసుకోనంది.

నేనూ అప్పుడు కోపం తెచ్చుకున్నవాణ్ణే. నాలుగేళ్ళు వారాంతాలన్నీ కారులో కూర్చుని కోచింగ్ బయట మావాడి కోసం ఎదురుచూశాను, ఆ పరీక్షే తీసేస్తే కోపం రాదా? తర్వాత అర్థమైంది, నేను కష్టపడింది నాకు కారు, తీరిక ఉన్నాయి కాబట్టి. మొక్కజొన్న_చేను గారు రాసింది చదివాక ఇంకా బాగా అర్థమైంది. ఇక్కడా కొందరు పోటీ తక్కువున్న మిడిల్ స్కూలు చూసుకుని ఇల్లు మారుతున్నారు. మా వీధిలోనే ఒకరు మారారు.

వేపకొమ్మ
మా పసుపు బస్సు అక్కడిదాకా వచ్చిందన్నమాట!

రాత్రి_బస్సు
పొటోమాక్ గారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. ప్రతి బడికీ కొన్ని సీట్లు. మా మున్సిపల్ బడికి రెండంటే రెండు ఇచ్చినా చాలు, మా పిల్లలు వాళ్ళలో వాళ్ళు పోటీ పడతారు.

లెక్కల_రాజు
బడికి రెండంటే ఒక్క జిల్లాలో వందల బడులు, 80 సీట్లు. కుదరదు బాబాయ్. మండలానికి ఇన్ని అంటే కొంత ఆలోచించొచ్చు.

ఎర్రమట్టి_దారి
ఎవరూ గురుకులాల ఊసెత్తడం లేదేమిటి? నవోదయ ఆలోచన పుట్టిందే మన దగ్గర. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. ఆయనే 1985లో కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు, నవోదయాలు వచ్చాయి. మా మామయ్య సర్వేలు తొలి బ్యాచ్‌ల విద్యార్థి. చెట్ల కింద పాఠాలు విన్నాం అని ఇప్పటికీ చెప్తాడు.

ఇవాళ తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాలన్నిటికీ కలిపి ఒకే పరీక్ష పెడుతున్నారు. ఐదో తరగతి ప్రవేశానికి నాలుగో తరగతి పిల్లలు రాస్తారు. 100 మార్కులు: తెలుగు 20, ఇంగ్లిష్ 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. చూశారా, బొమ్మలకు పదే. మిగతాదంతా బడిలో చెప్పిందే. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ళకు ఎవరెస్ట్ ఎక్కింది. ఏం తక్కువ?

మొక్కజొన్న_చేను
పాప ఐదుల ఉంది గద అన్నా. గురుకులం ఐదు కోసం పోయినేడు రాయాల్సింది, మాకు తెల్వకపాయె.

ఎర్రమట్టి_దారి
ఆరు నుంచి తొమ్మిది దాకా ఖాళీ సీట్లకు కూడా పరీక్ష పెడతారు. 2025లో ఫిబ్రవరి 23న ఐదో తరగతితో పాటే పెట్టారు. నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇప్పుడే మీ సేవలో తీసి పెట్టుకోండి, చివరి వారంలో సర్వర్ పనిచేయదు.

బోధన్_బొబ్బట్టు
మోడల్ స్కూల్ మర్చిపోయారు! తెలంగాణలో 194 ఉన్నాయి, ఆరో తరగతిలో ఒక్కోదానికి 100 సీట్లు. ఇంగ్లిష్ మీడియం. దానికీ పరీక్ష ఉంటుంది కానీ నవోదయ అంత పోటీ లేదు. పిల్ల రోజూ ఇంటికొస్తుంది. మా పెద్దమ్మాయి అక్కడే చదివి ఇప్పుడు నర్సింగ్ చేస్తోంది. మీ మండలంలో ఉందేమో కనుక్కోండి.

కొల్లేటి_కొంగ
సైనిక్ స్కూల్ కూడా చూడండి. కోరుకొండ, కలికిరి. 2021 నుంచి ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు.

లెక్కల_రాజు
సైనిక్‌కు 300 మార్కుల్లో 150 లెక్కలకే, ఒక్కో లెక్కకు 3. పాప లెక్కల్లో గట్టిదైతే ఆ పరీక్ష బాగా రాస్తుంది. కానీ ఫీజు ఉంటుంది, ఏడాదికి లక్ష దాటుతుంది. స్కాలర్‌షిప్ వస్తుందో లేదో చూసుకోకుండా ఆశ పెట్టకండి. నవోదయలో తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. తొమ్మిది నుంచి మాత్రం నెలకు 600 వికాస్ నిధి అని కట్టాలి, అది కూడా ఆడపిల్లలకు లేదు.

మొక్కజొన్న_చేను
అందరికీ ఒక సంగతి చెప్పాలె. మొన్న రాత్రి నేను, మా ఇంటామె వాకిట్ల కూసోని ఇదే మాట్లాడుతున్నం. బర్రె అమ్మకపోతే బాకీ తెద్దామా అని. పాప పక్కన గోనెసంచి మీద పండుకోని ఉంది, నిద్రపోయిందనుకున్నం. లేవకుంటనే అన్నది: "నలభై ఐదు వేలకు నూటికి రెండంటే నెలకు తొమ్మిదొందలు. డిసెంబర్ దాకా ఐదు నెలలు. నాలుగువేల ఐదొందలు వడ్డీనే నాన్నా." కాగితం లేదు, పెన్ను లేదు. మా ఇంటామె ముఖం అటు తిప్పుకున్నది.

హాస్టల్‌కు పంపుతలేం. బర్రె ఉంటది. కానీ బొమ్మలు ఎవరు నేర్పాలె?

చాక్‌పీస్_సారు
ఆ వడ్డీ లెక్క చేసిన బుర్రే పరీక్షలోనూ కావాలి. కారణాంకాలు, గుణిజాలు, భిన్నాలు, దశాంశాలు, లాభనష్టాలు, చుట్టుకొలత, ఇలాంటివే. వడ్డీ అలా నోటితో చెప్పిన పిల్లకు ఇవి నెల రోజుల పని. భాష అంటే నాలుగు పేరాలు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు. రోజూ దినపత్రికలో పిల్లల పేజీ చదివించి ఏం అర్థమైందో అడగండి, చాలు.

బొమ్మలంటే భయపడొద్దు. పది రకాలే, రకానికి నాలుగు ప్రశ్నలు. వేరుగా ఉన్న బొమ్మ, అచ్చం అలాగే ఉన్న బొమ్మ, సగం గీసిన బొమ్మ పూర్తిచేయడం, వరసలో తర్వాతిది, పోలిక, ముక్కలు కలిపితే చతురస్రమో వృత్తమో అయ్యేది, అద్దంలో బొమ్మ, మడిచి చిల్లు పెట్టిన కాగితం విప్పితే ఎలా ఉంటుంది, విడి ముక్కలు కలిపితే ఏ ఆకారం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మ. అంతే. నేను పిల్లలకు పుస్తకం మీద చెప్పను. పాత నోటుబుక్కు కాగితం చేతికిచ్చి నాలుగు మడతలు వేయమంటాను. అగ్గిపుల్లతో మూల మీద చిల్లు పొడవమంటాను. విప్పకముందే పలక మీద చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో గీయాలి. ఆ తర్వాతే విప్పాలి. పదిసార్లు తప్పు గీస్తారు, పదకొండోసారి నుంచి తప్పు రాదు. అద్దం బొమ్మకు అద్దమే పెడతాను, గీత పక్కన నిలబెట్టి.

ఇంకోటి, జవాబుల గడులు దిద్దే ఓఎంఆర్ షీటు. మా బడి పిల్లాడొకడు రెండేళ్ళ కిందట అన్నీ తెలిసి కూడా ఒక ప్రశ్న వదిలేసి, మిగతావన్నీ ఒక గడి ముందుకు దిద్దేశాడు. బయటికొచ్చాక వాడికే గుర్తొచ్చి నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. పెన్నుతో దిద్దింది చెరపడానికి ఉండదు. అందుకని ఇప్పుడు ప్రతి శనివారం జిరాక్సు షీటు మీద ప్రశ్న నంబరు పైకి చదువుతూ దిద్దిస్తాను.

లెక్కల_రాజు
సార్ చెప్పిన పది రకాలకూ నా దగ్గర బొమ్మల కాగితాలు ఉన్నాయి, నేనే గీసినవి. స్కాన్ చేసి ఇక్కడ పెడతాను. ఎవరైనా తీసుకోవచ్చు, డబ్బులొద్దు. ఎక్కడైనా తప్పు కనపడితే చెప్పండి.

రాత్రి_బస్సు
రాజు గారూ, మా చిన్నది నాలుగో తరగతి. నాకూ పంపండి. ఆ 20 సీట్లలో పడతాం మళ్ళీ.

వేపకొమ్మ
వలస కూలీల పిల్లల సంగతి మీద నేను నవోదయ విద్యాలయ సమితికి ఉత్తరం రాస్తున్నాను. ఇప్పుడు మొక్కజొన్న గారి పాపకు పనికి రాకపోవచ్చు. జాబ్ కార్డు, రేషన్ కార్డు ఉన్న కుటుంబం పనికోసం పోయి తిరిగొస్తే ఆ కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని అడుగుతాను. ఇలాంటి కేసు ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే రాయండి, ఒక్కరు అడిగితే వినరు.

మంజీర_ఒడ్డున
మా ఊర్ల ముగ్గురున్నరు. ఇద్దరు భివండి పోయి వచ్చినోళ్ళు, ఒకరు దుబాయి పోయినాయన పిల్లలు, అమ్మమ్మోళ్ళింట్ల టౌన్ల చదివిండ్రు. అడిగి రాస్త.

తులసికోట
మొక్కజొన్న గారూ, పాప పేరు అడగను. డిసెంబర్‌లో పరీక్ష రాసొచ్చాక ఎలా రాసిందో మాత్రం ఇక్కడ ఒక్క ముక్క చెప్పండి.

మొక్కజొన్న_చేను
చెప్త అక్కా. ఇయ్యాల ఫారం పెట్టినం. అర్బన్ అనే రాసిచ్చిండు సారు, నేను సంతకం పెట్టిన, పాప కూడా పెట్టింది. మీ సేవ పిలగాడు ఫోటో రెండుసార్లు ఎక్కిచ్చిండు, మొదటిసారి సైజు ఎక్కువైందట.

చాక్‌పీస్ సారూ, కాగితం మడిచి చిల్లు పెట్టుడు నిన్న చేసినం. మూడు మడతల దాకా నాకంటె ముందే చెప్పింది. నాలుగో మడత కాడ ఇద్దరం తప్పినం. ఎటు మడిస్తే చిల్లు ఎటు పోతదో నాకు సమజైతలేదు.

చాక్‌పీస్_సారు
విప్పేటప్పుడు ఆఖరి మడత నుంచి మొదలుపెట్టాలి. ఒక్కో మడత విప్పగానే ఆగి, కొత్తగా వచ్చిన చిల్లులు గీసి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి విప్పేస్తే ఎవరికైనా తప్పుతుంది. ఈ రాత్రికి పెద్ద కాగితం తీసుకోండి, క్యాలెండర్ కాగితమైతే ఇంకా మంచిది.